నాలుగు వేళ్ళ ఎడం

డాబా మీద రేకుల హాలు, నేలంతా నీలం పరుపులు. సాయంత్రం క్లాసు మొదలవడానికి ఇంకా కాస్త టైముంది. లోపల ఇద్దరే ఉన్నారు: టీవీ సీరియల్లో పోలీసాఫీసరు వేషం వేసే అమ్మాయి, ఆమెకు ఫైట్లు నేర్పే మాస్టరమ్మ.

"చెప్పులు బయట విప్పమన్నానుగా. పరుపుల మీద మట్టి పడితే మళ్ళీ నేనే ఒంగి తుడుచుకోవాలి."

"అక్కా, ముందు నేనడిగినదానికి జవాబు చెప్పండి."

"ఏమడిగావు?"

"రేపు పొద్దున నాతో వస్తారా, రారా?"

"వస్తాను, రాను అని ఒక్క ముక్కలో తేలిపోయేదా అది? ఆ కొస పట్టుకో. పరుపు ముడత పడింది చూడు. లాగు. అంత గట్టిగా కాదు, చిరుగుతుంది."

"పరుపు సంగతి తరవాత."

"తరవాతంటే ఆడవాళ్ళు వచ్చేస్తారు. పోయిన వారం ఒకావిడ ఇక్కడే కాలు తట్టుకుని బోర్లాపడింది. ఆత్మరక్షణ నేర్చుకుంటానని వచ్చి నడుం పట్టేయించుకుందని వాళ్ళాయన నాతో దెబ్బలాటకొచ్చాడు."

"మీరు మాట మారుస్తున్నారు."

"మార్చట్లేదు. మొదట్నుంచి చెప్పు మళ్ళీ."

"మళ్ళీనా? ఫోన్లో చెప్పాను, ఇందాక మెట్లెక్కుతూ చెప్పాను."

"ఫోన్లో ఏడుస్తూ చెప్పావు. మెట్ల మీద ఆయాసపడుతూ చెప్పావు. కుదురుగా ఒక్కసారీ చెప్పలేదు. కూర్చో. మంచినీళ్ళు తాగు."

"నిర్మాతగారి బావమరిది."

"అది తెలుసు. సెట్లో ఆయన పేరేమిటో కూడా ఎవరికీ తెలీదు, అందరికీ బావమరిదే."

"మొన్న షూటింగయ్యాక యూనిఫాం మార్చుకుందామని డ్రెస్సుల గదిలోకి వెళ్ళాను. వెనకే వచ్చి తలుపేశాడు. ఆ హాంగర్ల మధ్య నన్ను గోడకి నొక్కి..."

"వద్దులే. ఆ ముక్క వదిలెయ్యి."

"అందరూ ఆ ముక్కే వదిలెయ్యమంటున్నారు. సరే, వదిలేశాను. తరవాతది మాత్రం మీరు వినాలి. అది మీకు సంబంధించింది. నేను కొట్టాను."

"కొట్టావా? మరి కొట్టలేదని ఫోన్లో..."

"చెయ్యి విసిరాను. మీరు నేర్పినట్టే. మడమ తిప్పి, నడుం తిప్పి, భుజం తిప్పి. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టాను అక్కా, ఒట్టు. అది వాడి చెంప దాకా వెళ్ళి ఆగిపోయింది."

"ఆగిపోయిందంటే?"

"ఆగిపోయింది. నాలుగు వేళ్ళ ఎడంలో. మొహానికీ పిడికిలికీ మధ్య నాలుగు వేళ్ళు దూరాలని మీరు మా అందరికీ కొలిచి చూపిస్తారే, సరిగ్గా అక్కడ."

"కంగారుపడి ఉంటావు."

"కంగారుపడితే చెయ్యి లేవనే లేవదు. లేచింది, వెళ్ళింది, ఆగింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అక్కడే ఆగింది. మధ్యలో అద్దం అడ్డున్నట్టు."

"వాడేం చేశాడు?"

"కన్ను కూడా ఆర్పలేదు. ఇన్నేళ్ళ నుంచీ మన రిహార్సల్సులో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు కదా. నా చెయ్యి ఎక్కడ ఆగుతుందో నాకంటే వాడికే బాగా తెలుసు. టైమింగ్ బాగా కుదిరింది మేడమ్, అన్నాడు."

"ఎలా బయటపడ్డావు?"

"ఇస్త్రీ బట్టలు తెచ్చినావిడ తలుపు తట్టింది. వాడు జుట్టు సవరించుకుని, మేడమ్‌కి సీను చెప్తున్నానని ఆవిడతో చెప్పి వెళ్ళిపోయాడు. ఆవిడ నా వంక చూసి, గుండీ ఊడింది, కుట్టిపెడతానమ్మా అంది. అంతే. ఇంకేమీ అడగలేదు."

"ఇంట్లో చెప్పావా?"

"చెప్పాను. మా ఆయన భోంచేస్తున్నాడు. చెయ్యి ఆపి, మరి నువ్వేం చేశావు అన్నాడు. వాడేం చేశాడని కాదు అక్కా, నువ్వేం చేశావని."

"మగవాళ్ళకి ముందు నోట్లోంచి అదే వస్తుంది. మనసులో వేరే ఉంటుంది."

"మనసులో ఉన్నదీ వచ్చింది, అటు తిరిగి పడుకున్నాక. నిజంగా ఒక్క దెబ్బ కూడా వెయ్యలేకపోయావా అని. అమ్మకి చెప్తే ఇంకా విచిత్రం. నీ బొమ్మ చూపించి మన వీధిలో పిల్లలకి అన్నం తినిపిస్తారే, వాడికి భయం వెయ్యలేదా అంది."

"మీ అత్తగారు?"

"ఆవిడకి చెప్పలేదు. నా సీరియల్ చూసి, మా కోడలితో కాస్త జాగ్రత్తగా ఉండాలమ్మా అని పక్కింటావిడతో చెప్పుకుంటుంది. ఇంట్లో మిగిలిన ఆ కాస్త మర్యాదా పోగొట్టుకోవడం ఇష్టం లేక."

"నవ్వించకు. నవ్వే విషయం కాదిది."

"నాకూ తెలుసు. నిన్న కంపెనీ పెద్ద మేనేజరు పిలిచాడు. కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, చెల్లెమ్మా అన్నాడు. చెల్లెమ్మా అన్నప్పుడే అనుకున్నాను, ఇక నా పని అయిపోయిందని."

"ఏమంటాడు?"

"చెల్లెమ్మా, వారంలో ఐదు రోజులు నువ్వు మగవాళ్ళని గాల్లోకి లేపి కొడుతుంటే జనమంతా చూస్తున్నారు. మావాడు షుగరు మనిషి, రెండంతస్తులు ఎక్కితే రొప్పుతాడు. నీకిష్టం లేకపోతే అక్కడే చితక్కొట్టేదానివి కదా. కొట్టలేదంటే మేమేమనుకోవాలి? ఇదీ వరస."

"ఇష్టమనుకోవాలా?"

"ఆ మాట ఆయన అనలేదు. నా చేత అనిపించాలని చూశాడు."

"వెధవ."

"వెధవే. కానీ రేపు నా ఫిర్యాదు మీద ఛానెల్ వాళ్ళు విచారణకి కూర్చుంటారు, వాళ్ళ ముందూ ఇదే అంటాడు, వాళ్ళు నమ్ముతారు. ఎందుకు నమ్మరు? ప్రతి ఇంటర్వ్యూలో నేనేగా చెప్పింది, డూపు లేకుండా ఫైట్లన్నీ నేనే చేస్తానని. మా మాస్టరక్క నన్ను ఉక్కులా తయారుచేసిందని. అలా చెప్పమని నేర్పింది ఈ కంపెనీవాళ్ళే, ఇప్పుడు అదే మాట నా మెడకి చుడుతున్నదీ వాళ్ళే."

"సీరియల్లోంచి తీసేస్తారంటావా?"

"తీసేస్తే తియ్యనీండి. ఇంకెక్కడో ఏడుస్తూ బతుకుతాను. ఆ ఒక్క మాట మిగిలిపోతుంది చూడండి, కొట్టగలిగీ కొట్టలేదు అని. అది మా ఇంట్లోనూ మిగిలిపోతుంది. అన్నం పెట్టినప్పుడూ ఉంటుంది, లైటు తీసినప్పుడూ ఉంటుంది. అది నేను మొయ్యలేనక్కా."

"నన్నేం చెప్పమంటావు?"

"నిజం. నాకు కొట్టడం రాదని."

"రాదంటే ఎలా? ఇన్నేళ్ళు నేర్పి..."

"ఇన్నేళ్ళూ కొట్టకుండా ఉండటం నేర్పారు."

"అదేమన్నా తేలికనుకున్నావా? చూసేవాడికి తగిలినట్టే ఉండాలి, ఎదటివాడికి గీత పడకూడదు. నీకు ముందు ఒకమ్మాయి నిజంగా తగిలించి ఒక ఫైటరు పన్ను రాలగొట్టింది. పాపం వాడు వాచిన మూతితో నెల్లాళ్ళు పని లేకుండా తిరిగాడు. అందుకే పెట్టాను ఆ నాలుగు వేళ్ళ లెక్క."

"తేలికని నేననలేదు. అదేమిటో అలాగే వచ్చి చెప్పండి అంటున్నాను. నేను కాలు లేపితే ఎదటివాడు తనంతట తనే ఎగిరి పడతాడని చెప్పండి. నేను భుజం మీదనుంచి విసిరేవాడి ఒంటికి తాడు కట్టి ఉంటుందని, గోడ వెనక ఇద్దరు దాన్ని లాగుతారని చెప్పండి. ఆ ఇద్దరూ టీకి వెళ్తే నేను గోనెసంచి కూడా లేపలేను."

"అవన్నీ జనానికి తెలియవా ఏంటి?"

"మగ హీరో అయితే తెలుసు. తెర మీద ఊరంతటినీ కొట్టినవాణ్ణి బయట ఎవడైనా తోస్తే, పాపం అంటారు. అది వేషం, ఇది మనిషి అని విడదీసి చూస్తారు. నాకొచ్చేసరికి మాత్రం రెండూ ఒకటే అయిపోతాయి."

"అలా అనకు. నా చిన్నప్పుడు టీవీలో ఆడదంటే కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడమే. చూసి చూసి విసుగెత్తిపోయేది. నువ్వు లాఠీ తిప్పుతూ వచ్చాక ఎంతమంది ఆడపిల్లలకి వెన్ను నిటారుగా నిలబడిందో నీకేం తెలుసు? ఇక్కడికొచ్చేవాళ్ళంతా నిన్ను చూసే వచ్చారు."

"ఏడ్చే కోడలి వేషం వేసుంటే ఈపాటికి అందరూ నన్ను నమ్మేవాళ్ళు. నిజం కాదా? ఏడ్చేదాన్నైతే అయ్యో అనేవాళ్ళు. కొట్టేదాన్ని కనక, మరి కొట్టలేదేం అంటున్నారు."

"దానికి నేనేం చెయ్యను, తల్లీ. కథ రాసేది నేను కాదుగా."

"రాసేవాళ్ళకి చెప్పి చూశాను. గుర్తుందా, మొదటి ఏడాది డైరెక్టరుగారిని అడిగాను. ఒక్క ఫైటులోనైనా నాకు ఆయాసం రానివ్వండి, ఎవడైనా నా మెడ పట్టుకుంటే కొరకనివ్వండి, కుర్చీ విసరనివ్వండి అని."

"గుర్తుంది. ఆడవాళ్ళు రొప్పితే చూడ్డానికి బావుండదన్నాడు."

"జుట్టు ముడేసుకుంటానంటే వద్దన్నాడు. ఫైటులో జుట్టు విరబోసుకునే ఉండాలట. ఎవడైనా పట్టుకుని గుంజితే ఏం చెయ్యనని అడిగాను. ఎవరూ గుంజరు, నేను రాయనుగా అన్నాడు."

"అన్నాడు. మేకప్పావిడ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది."

"యూనిఫాం చూడండి, కూర్చుంటే కుట్లు తెగుతాయి. అందులో కాలు భుజం దాకా లేపాలి. కొత్త సీజన్లో ఏం రాశారో తెలుసా? చంటిపిల్లని వీపుకి కట్టుకుని గోడౌన్ నిండా ఉన్న రౌడీలని కొట్టాలట. పిల్ల నిద్ర లేవకూడదట."

"అది నాకూ చెప్పారు. పిల్ల బదులు దిండు పెడదామనుకుంటున్నాం."

"పెట్టండి. దిండుకైనా నిద్ర పడుతుంది."

"కోపం వాళ్ళ మీద ఉంటే నామీద చూపించకు."

"మీ మీద కూడా ఉంది. పారిపోయే సీను ఒకటి తీశారు, గుర్తుందా? తలుపు తోసుకుని రోడ్డు మీదికి పరిగెత్తి, తెరిచున్న మందుల షాపులో దూరి, షట్టరు దింపండని అరుస్తాను. అన్నిటికంటే అదే బాగా చేశాను నేను. అందులో నటించక్కర్లేకపోయింది. ఎడిటింగులో తీసేశారు. పారిపోయే పోలీసుని ఎవరు చూస్తారన్నారు. మీరూ వాళ్ళ వైపే మాట్లాడారు."

"నేనా?"

"మీరే. పరిగెత్తడానికి మాస్టరెందుకండీ అన్నారు. అందరూ నవ్వారు."

"సరదాకన్నాను."

"ఆ గదిలో నాకది గుర్తొచ్చింది. తలుపు నా పక్కనే ఉంది, గడియ కూడా వెయ్యలేదు వాడు. పరిగెత్తవచ్చు. అరవవచ్చు. ఆ రెండూ నాకు తట్టనే లేదు. మడమ తిప్పాను, నడుం తిప్పాను."

"ఫోను మోగుతోంది, నాదేనా?"

"మీదే. తియ్యండి."

"మోగనీలే."

"తియ్యండక్కా, పనికొచ్చేదేమో."

"హలో. ఆఁ, ఆత్మరక్షణ క్లాసే అమ్మా. ఆడవాళ్ళకే. సాయంత్రాలు. అవునమ్మా, ఆ సీరియల్లో పోలీసమ్మాయికి నేర్పింది నేనే. ఆఁ. డూపు లేకుండానే. మీ అమ్మాయికా? చిన్నపిల్లలైతే ఇంకా మంచిది, త్వరగా పట్టుబడుతుంది. ధైర్యం... తప్పకుండా వస్తుందమ్మా. ఉంటాను."

"నా ఎదురుగానే చెప్పారు."

"ఏం చెప్పమంటావు మరి? మెట్ల దగ్గర బోర్డు మీద నీ బొమ్మే ఉంది. కాలు లేపి నించున్నావు. అది చూసే ఎక్కుతారు వీళ్ళంతా."

"అది తీసేటప్పుడు నా మడమ కింద స్టూలుంది."

"తెలుసు. నేనే పెట్టాను."

"ఆ స్టూలు సంగతి చెప్పండి చాలు, రేపు."

"నీకన్నీ విప్పి చెప్పాలా, పిల్లా? మోకాలు పోయాక నన్ను సెట్లకి పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. ఫైటు మాస్టరంటే మగాడే కావాలి. మనవాళ్ళు నన్ను పెట్టుకున్నారంటే, ఆడ మాస్టరని చెప్పుకోవడానికి బావుంటుందని. వయసులో ఉన్నప్పుడు ఎంతమంది హీరోయిన్ల బదులు మేడల మీదనుంచి దూకానో, ఒక్కదాంట్లోనూ నా మొహం పడలేదు. వీపు పడింది. ఈ హాలొక్కటే నా పేరుతో ఉన్నది. రేపు నేనొచ్చి ఇదంతా ఉత్తుత్తిదే అని చెప్తే ఎల్లుండి ఈ మెట్లెవరెక్కుతారు? మా అమ్మాయికి కాలేజీ ఇంకా అవలేదు."

"అంటే రారన్నమాట."

"అలా అన్నానా?"

"ఇంతసేపూ తిప్పి తిప్పి అదేగా అంటున్నారు."

"ఆ పడేవాళ్ళలో ఎవర్నైనా తీసుకెళ్ళు. వారం వారం నీ చేతిలో పడుతుంటారుగా."

"అడిగాను. ఒకడు నాకు పెళ్ళి కుదిరింది మేడమ్ అన్నాడు. దానికీ దీనికీ ఏం సంబంధమో నాకిప్పటికీ తెలీలేదు. ఇంకొకడు ఫోనే తియ్యలేదు. ఆ పెద్దాయన ఉన్నాడే, బట్టతలాయన, ఆయనొక్కడే సూటిగా చెప్పాడు. నేను పడేది మీరు కొట్టినందుక్కాదమ్మా, బావమరిది పిలిచి పనిచ్చినందుకు, అన్నాడు."

"పాపం, వాళ్ళ బతుకులు అలాంటివి."

"అందరి బతుకులూ అలాంటివే. నాకు తెలుసు. కానీ మొన్ననే ఎవరో వీడియోలో నా గురించి చెప్పారట. మేనేజరు అదేదో బ్రహ్మాస్త్రంలా దాచుకున్నాడు. నీ పని బాగా తెలిసినవాళ్ళే చెప్పారు, మగాడి ఎముక విరిచే చెయ్యి నీదని, రేపు అందరి ముందూ వేసి చూపిస్తాను అన్నాడు. డూపుగా పెట్టుకోలేదని నా మీద కోపంగా ఉందే, ఆ అమ్మాయే అయ్యుంటుంది."

"ఆ అమ్మాయి కాదు."

"మీకెలా తెలుసు?"

"ఆ కిటికీ రెక్క కాస్త మూయి. ఎండ కళ్ళలో పడుతోంది."

"మీకెలా తెలుసక్కా?"

"మొన్న సాయంత్రం కంపెనీవాళ్ళు నాకు ఫోన్ చేశారు. కొత్త సీజన్‌కి నీ గురించి నాలుగు మాటలు కావాలన్నారు. ఒకతను కెమెరా పట్టుకుని ఇక్కడికే వచ్చాడు. అదిగో, నువ్వు కూర్చున్నచోటే కూర్చోబెట్టాడు."

"మీరా?"

"నాకేం తెలుసు? అప్పటికి నీ ఫోను రాలేదు. మేడమ్ నిజంగా కొట్టగలదా అని అడిగాడు. కొట్టగలదా ఏమిటయ్యా అన్నాను. ఆ పిల్ల చెయ్యి పడితే లేచినవాడు లేడన్నాను. మణికట్టు పట్టుకుని ఇలా తిప్పిందంటే పుల్ల విరిగినట్టు విరుగుతుందన్నాను. మురిసిపోయి చెప్పాను. నా దగ్గర నేర్చుకున్న పిల్లవి. ఇంకా చెప్పండి మేడమ్ అన్నాడు. నన్ను మేడమ్ అని ఎవరంటారు? ఇంకా చెప్పాను."

"ఇంకా ఏం చెప్పారు?"

"దాని జోలికెళ్ళినవాడి ఖర్మ అన్నాను. తిట్టు. ఏదో ఒకటి అను. అలా చూడకు."

"ఏమనను? మీరు పొగిడారు. పొగిడినవాళ్ళని ఎలా తిట్టాలో నాకు తెలీదు."

"నీ ఫోనొచ్చినప్పటినుంచి నాకు ముద్ద దిగలేదు. రేపొచ్చి అదంతా కాదంటే అబద్ధాలకోరునవుతాను. రాకపోతే..."

"రాకపోతే నేనవుతాను."

"ఇంకో దారి లేదా? ఆ వీడియో వెయ్యొద్దని బతిమాలుకుంటే? ఆ మేనేజరు నేనంటే కాస్త గౌరవంగానే ఉంటాడు."

"చెల్లెమ్మా అంటాడా మిమ్మల్ని కూడా? సరే. లేస్తాను. మీ క్లాసు టైమైంది. నేను మీ మీద కోపంతో వెళ్ళడం లేదు, అలా అనుకోకండి. ఒక్కటి చెప్పండి. ఆ గదిలో నా బదులు మీరుంటే ఏం చేసేవాళ్ళు?"

"నేనా?"

"మీరే. మీ చెయ్యి ఆగేదా?"

"నా సంగతెందుకిప్పుడు?"

"ఊరికే. నాకు నేర్పనిది ఇంకోటి ఉంటుంది కదా మీ దగ్గర. సీరియల్‌కి అక్కర్లేదని నాకు నేర్పలేదు, అంతేగా. ఆ అసలు దెబ్బ. ఇక్కడికొచ్చే ఆడవాళ్ళకి నేర్పేది అదేగా. నాకూ నేర్పండి. రేపటికోసం కాదు, నాకోసం. వాళ్ళ పక్కన నిలబడతాను, వెనక వరసలో."

"మెట్ల మీద చప్పుడవుతోంది. ఎవరో వస్తున్నట్టున్నారు."

"వీళ్ళకి నేర్పేది అదేనా, కాదా?"

"ఇక్కడ గుద్దడానికి సంచీలు గట్రా ఏం లేవు చూశావుగా. జంటలు జంటలుగా నిలబెట్టి చేయిస్తాను. ఒకరికొకరు దెబ్బలు తగిలించుకోకూడదు కదా. ఇంటికెళ్ళి వంట చేసుకోవాలి, పొద్దున్నే ఆఫీసుకెళ్ళాలి. మొహం వాచిపోతే మర్నాడు మళ్ళీ ఎవరొస్తారు?"

"అక్కా, వీళ్ళ చేతులు ఎక్కడ ఆగుతాయి?"

"నర్సమ్మ అయ్యుంటుంది. రాత్రి డ్యూటీకి వెళ్ళే ముందు వచ్చి పోతుంది. ఎప్పుడూ అందరికంటే ముందొస్తుంది."

"ఎక్కడ ఆగుతాయి?"

"ఇదివరకు వాళ్ళ తమ్ముడు బండి మీద దింపేవాడు. ఇక్కడ చేరాక వాడి అవసరం లేదంది. ఆస్పత్రి వెనక సందులోంచి ఒక్కతే నడిచి వెళ్తోందట. దగ్గరదారి. ఆమధ్య వచ్చి చెప్తే ఎంత సంతోషపడ్డానో."

"సంతోషపడ్డారా?"

"పడ్డాను. మొన్నటి దాకా."

"మాస్టరక్కా, తొందరగా వచ్చేశానా? అయ్యో... మీరు... మేడమ్, నిజంగా మీరేనా? మా వార్డులో పేషెంట్లతో సహా అందరం మిమ్మల్నే చూస్తాం. నిన్న ఆ లారీ దగ్గర ఒక్కొక్కణ్ణీ వేస్తుంటే మా సిస్టరమ్మ సెలైను మార్చడం కూడా మర్చిపోయింది. ఒక్కసారి మీ చెయ్యి పట్టుకోవచ్చా?"

"పట్టుకోండి."

"ఎంత చల్లగా ఉందో. ఈ చెయ్యేనా మేడమ్? నాకూ ఆ దెబ్బ వచ్చండీ, మాస్టరక్క నేర్పింది. చూపించనా? కదలకండి, భయం లేదు. మడమ తిప్పి, నడుం తిప్పి, ఇదిగో. చూశారా, మీకు తగల్లేదు. సరిగ్గా నాలుగు వేళ్ళు. ఇది కుదరడానికి నాకు చాలా రోజులు పట్టింది."

"బాగా కుదిరింది."

"మీరు బాగుందంటే ఇంకేం కావాలి నాకు. మాస్టరక్కా, అలా నిలబడిపోయారేం? మోకాలు నొప్పా? కూర్చోండి, మిగతా పరుపులు నేను సర్దుతాను."

"పరుపులు వదిలెయ్యమ్మా. కింద ఇంకెవరొచ్చారు?"

"బ్యాంకావిడా, ఆ తల్లీకూతుళ్ళూ చెప్పులు విప్పుతున్నారు. ఏం, క్లాసు లేదా ఇవాళ?"

"ఉంది. వాళ్ళనీ రమ్మను. నువ్వు మాత్రం ముందు మీ తమ్ముడికి ఫోన్ చెయ్యి. డ్యూటీకి దింపమను."

"వాడెందుకక్కా? నాకిప్పుడు భయం పోయిందిగా."

"అందుకే చెయ్యమంటున్నాను."

"అర్థం కాలేదక్కా."

"చెప్తాను. పిల్లా, నువ్వు వెళ్ళకు, కూర్చో. రేపు నేను నీతో వచ్చి అక్కడ చెప్పేదీ ఇదే. చూడు నర్సమ్మా, ఇన్నాళ్ళూ నీకు నేర్పింది తగలకుండా కొట్టడం. తగిలేలా కొట్టడం నాకు కూడా రాదమ్మా."